రాజు ఒక్కసారి దూకవచ్చు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఏసీ గదిలోనే పనిచేశాను. అది నా హోదా చూసి ఇచ్చింది కాదు, కంప్యూటర్ హోదా చూసి ఇచ్చింది. విజయవాడ ఎండలకి మా మేనేజరుగారే మెడకి తడి తువ్వాలు చుట్టుకుని ఫైళ్ళు చూస్తుంటే, నేను మే నెలలో స్వెట్టర్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేదాన్ని. భవానీపురం బస్‌స్టాపులో నా చేతిలో స్వెట్టర్ చూసి జనం నాకేదో జబ్బనుకుని కాస్త జరిగి నిలబడేవారు. దానివల్ల బస్సులో సీటు తేలిగ్గా దొరికేది.

ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, "మీ రోజుల్లో కూడా కంప్యూటర్లు ఉండేవా అండీ?" అని జాలిగా అడుగుతుంటారు. ఉండేవి నాయనా. బీరువా అంత ఉండేవి. వాటిచేత ఎరువుల లెక్కలు కట్టించాం, చదరంగం పోటీలు కూడా ఆడించాం. ఆ పోటీల్లో ఒక దానివల్ల మా సెక్షన్ మూతపడబోయి ఎలా బతికిందో చెప్తాను. మీ మేనేజర్లకి మాత్రం చెప్పకండి.

డెబ్బైల దశకం చివర్లో సంగతి ఇది. మాది డెల్టా రైతులకి ఎరువులు అమ్మే సంస్థ. హెడ్డాఫీసు హైదరాబాదులో ఉండేది. పామర్రు, హనుమాన్ జంక్షన్ లాంటి చోట్ల డిపోలుండేవి. ఆ డిపోల లెక్కలన్నీ విజయవాడలో మా కంప్యూటర్ మీద పడేవి. అంతకుముందు నేను టైపు సెక్షన్‌లో ఉండేదాన్ని. అక్కడి సూపరింటెండెంటుగారు ముక్కుపొడుం పీలుస్తూ, పేజీలో ఒక్క అక్షరం చెరిపి కొట్టినా కాగితం మొత్తం చించి చేతిలో పెట్టేవారు. ఆయన తుమ్మినప్పుడల్లా మేము ఉలిక్కిపడి మరో అక్షరం తప్పు కొట్టేవాళ్ళం. కంప్యూటర్ వచ్చినప్పుడు, దాన్ని నడపడానికి శిక్షణకి ఎవరు వెళ్తారని అడిగితే, అదేమిటో తెలియకుండానే అందరికంటే ముందు నేను చెయ్యెత్తాను. ఆ తుమ్ములకి దూరంగా అయితే ఇంజను నడపమన్నా నడిపేదాన్ని.

ఆ మెషీన్ సంగతి మీకు కొంచెం తెలియాలి. పొడవాటి కాగితపు టేపు మీద వరసగా కన్నాలు పొడిస్తే అదే ప్రోగ్రాం. టేపు ఎక్కిస్తే మెషీన్ ఆ కన్నాలు చదువుకుని పని మొదలుపెడుతుంది. జవాబు టెలిప్రింటర్ మీద టైపవుతుంది. ఆ టెలిప్రింటర్ మోగిందంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాతోపాటు ఆ గదిలో పనిచేసింది అకౌంట్స్ ఆఫీసర్‌గారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పామర్రు దగ్గర నేతపని చేసుకునే కుటుంబం వాళ్ళది. వాళ్ళ మగ్గం మీద నేసిన బట్టతో కుట్టించిన చొక్కాలే వేసుకునేవారు, గంజి పెట్టి, మడత నలగకుండా. లెక్కలకి ప్రోగ్రాములన్నీ రాసేది ఆయనే. ఆ వయసులో మాన్యువల్ ముందేసుకుని, వేలు పెట్టి చదువుకుని సొంతంగా నేర్చుకున్నారు. ఆయన దసరాకి మెషీన్‌కి బొట్టు పెట్టేవారు. నేను రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి ప్రార్థన చేసేదాన్ని. రెండూ పనిచెయ్యనప్పుడు ఇద్దరం కలిసి దాని పక్కభాగం మీద అరచేత్తో ఒకటి తగిలించేవాళ్ళం. అది మాత్రం ఎప్పుడూ పనిచేసేది.

బుధవారం మా ఇంట్లో చేపల పులుసు. ఆ రోజు నా క్యారియర్‌లో ఒక గిన్నె ఆయనది. "ఏమ్మా, బుధవారం ఎప్పుడొస్తుందంటావు?" అని సోమవారమే మొదలుపెట్టేవారు. నాకు నాన్న లేని లోటు కొంతవరకూ ఆ మాటతోనే తీరేది. ఈ మాట ఆయన ఉండగా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

వేసవిలో వరి పంట ఉండదు కనుక ఎరువుల అమ్మకం ఉండదు, మెషీన్‌కి పని ఉండదు. ఒకరోజు మేనేజరుగారు చల్లదనం కోసం మా గదికి వచ్చి కుర్చీలో వాలి, చావు కబురు చల్లగా చెప్పారు.

"ఏమ్మా, మీ మెషీన్ ఖాళీగా పడుంటోందని హెడ్డాఫీసులో అనుకుంటున్నారంట. హైదరాబాదు పట్టుకుపోతారంట."

"మరి నేనండీ?"

"నీకేం భయం? నీ పాత సీటు ఖాళీగానే ఉందిగా. సూపరింటెండెంటుగారు నిన్న కూడా అడిగారు, అమ్మాయి ఎప్పుడొస్తుందని."

నాకు అంత చలిగదిలోనూ చెమట పట్టింది. మా ఆయనది ఇక్కడే రైల్వేలో ఉద్యోగం. చంటిపిల్ల ఉంది. మెషీన్ వెంట నేను హైదరాబాదు వెళ్ళే ప్రశ్నే లేదు. అంటే మెషీన్ కదిలితే నేను మళ్ళీ ముక్కుపొడుం నీడన కూర్చోవాలి. ఆ ఆలోచనకే నాకు తుమ్ము వచ్చింది.

అదే రోజుల్లో ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక లెక్చరర్‌గారు మా మెషీన్ వాడుకోవడానికి వచ్చిపోతుండేవారు. పాతికేళ్ళ కుర్రాడు. బెజవాడలోనే పుట్టి పెరిగాడు. మర్యాద ఎక్కువ, మాట మెత్తన. అతను కంప్యూటర్ చేత చదరంగం ఆడించే ప్రోగ్రాం రాస్తున్నాడు. అది చూసి మా అకౌంట్స్ ఆఫీసర్‌గారికి పౌరుషం వచ్చింది. "చదరంగమా? మా తాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, గట్టు మీద పలక పెట్టి ఆడేవాడమ్మా. నేనూ రాస్తాను" అని ఆయనా మొదలుపెట్టారు. లెక్చరర్‌గారి శిష్యులు ఇద్దరు వాళ్ళూ చెరొకటి రాశారు. మొత్తం నాలుగు టేపులు తయారయ్యాయి.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి, "కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య చదరంగం పోటీ పెడదామండీ. మెషీన్ సంగతి తేల్చడానికి హెడ్డాఫీసు నుంచి వచ్చే పెద్దాఫీసరుగారి ముందే ఫైనల్ ఆడిద్దాం. మెషీన్ ఖాళీగా లేదనీ, కాలేజీతో కలిసి పరిశోధన జరుగుతోందనీ ఆయనే చూస్తారు" అన్నాను. మేనేజరుగారికి పరిశోధన ఎక్కలేదు కానీ, పేపర్లో ఫొటో పడొచ్చనేసరికి ఒప్పుకున్నారు.

పోటీ నడపడమంటే ఏమిటో చెప్పాలి. మెషీన్ ఒక్కటే, దాని బుర్ర చిన్నది. ఒక టేపు ఎక్కిస్తే రెండోది చెరిగిపోతుంది. కనుక తెల్లపావుల టేపు ఎక్కించాలి, ఏ పావు ఎక్కడుందో టైపు చేసి చెప్పాలి, అది ఆలోచించి ఒక ఎత్తు వేస్తుంది. అప్పుడు ఆ టేపు తీసి నల్లపావుల టేపు ఎక్కించి, దానికీ మొదటి నుంచి అంతా చెప్పాలి. ఇద్దరు గొడవపడ్డ బంధువుల మధ్య కబుర్లు మోసినట్టు ఉండేది నా పని.

రూల్సు కూడా నేనే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించాను. అకౌంట్స్ ఆఫీసర్‌గారి ఊళ్ళో బంటు మొదట్లో కూడా ఒక్క గడే నడుస్తుందట. లెక్చరర్‌గారి పుస్తకం ప్రకారం రెండు నడవచ్చు. సరే, రెండన్నాం. పై వరసకి చేరిన బంటు ఏమవుతుందన్న దాని మీద రెండు కాఫీలు అయ్యాయి. అది కూడా పుస్తకం ప్రకారమే అన్నాం. గుర్రం, శకటం, ఏనుగు, అన్నీ అయ్యాయి. రాజు సంగతి ఎవరూ ఎత్తలేదు. రాజు ఎలా నడుస్తాడో తెలియనివాడు చదరంగం పోటీకి ఎందుకొస్తాడని మా అందరి ధీమా.

పోటీ మొదలయ్యేసరికి ఆఫీసు ఆఫీసంతా చదరంగం అభిమానులైపోయారు. డ్రైవర్లు, గుమాస్తాలు, గోడౌన్ వాళ్ళు, చివరికి క్యాంటీన్ వంటాయన కూడా మా గదిలో గోడలకి ఆనుకుని నిలబడి ఆట చూసేవారు. బయట ఎండ మండిపోతోంది, లోపల చల్లగా ఉంది. "ఆహా, ఏం ఎత్తు వేసిందండీ" అని కళ్ళు మూసుకుని మెచ్చుకునేవాళ్ళు కూడా ఉండేవారు.

శిష్యుల టేపులు త్వరగానే చేతులెత్తేశాయి. ఒకటి తన మంత్రిని తీసుకెళ్ళి ఎదుటివాడి బంటు ముందు పెట్టి వచ్చేది, పెళ్ళిచూపులకి తెచ్చినట్టు. ఇంకొకటి ఆలోచిస్తూనే ఉండిపోయింది. భోజనం చేసి వచ్చినా ఆలోచిస్తూనే ఉంది. పాపం దాన్ని ఓడిపోయినట్టు ప్రకటించి లేపాను. ఫైనల్‌కి లెక్చరర్‌గారి టేపు, అకౌంట్స్ ఆఫీసర్‌గారి టేపు మిగిలాయి.

ఫైనల్ ముందు ఆ రెంటినీ ఊరికే చాలాసార్లు ఆడించి చూశాం. లెక్చరర్‌గారి ప్రోగ్రాంకి చెక్ పెట్టే పిచ్చి. సందు దొరికితే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా ఎదుటి రాజుకి చెక్ చెప్పేది. అకౌంట్స్ ఆఫీసర్‌గారి టేపుకి మరో అలవాటుండేది. ఎక్కించిన ప్రతిసారీ, "రాజుకు ఇంతవరకు చెక్ పడిందా?" అని నన్ను అడిగేది. పడితే ఒకటి, పడకపోతే సున్నా కొట్టాలి. రాజూ ఏనుగూ చోట్లు మార్చుకుని కోట కట్టుకునే ఎత్తు ఒకటి ఉంది కదా, దానికోసం అడుగుతోంది కాబోలనుకున్నాను. ఆ రోజుల్లో మొదటి రెండు మూడు ఎత్తులు దాటాక సున్నా కొట్టే అవసరమే రాలేదు, ఎప్పుడూ ఒకటి అంకే కొట్టాను, ఎందుకంటే అవతలిది ఆట మొదట్లోనే చెక్ పెట్టేసేది.

ఫైనల్ ముందురోజు లెక్చరర్‌గారు తన టేపు మార్చుకొచ్చాడు. "ఊరికే చెక్‌లు పెట్టి టైం వేస్ట్ చేస్తోంది మేడమ్. ఇప్పుడు బుద్ధి చెప్పాను. ఆటకట్టు అయ్యేటప్పుడే చెక్ పెడుతుంది" అన్నాడు. చాలా మంచిదన్నాను. నిజంగానే మంచిదనుకున్నాను.

పెద్దాఫీసరుగారు వచ్చారు. బూట్లు, టై, నల్లకళ్ళద్దాలు. ఎండలోంచి ఆ నల్లద్దాలతోనే మా గదిలోకి వచ్చేసరికి ఆయనకి కాసేపు ఏమీ కనపడలేదు. ఆ కాసేపట్లో నేను అభిమానులందరినీ వరండాలోకి తోలేసి తలుపు వేశాను. వాళ్ళకోసం వరండాలో ప్లైవుడ్ చెక్క మీద గళ్ళు గీయించి, మేకులు కొట్టించి, అట్టముక్కల పావులు తగిలించాం. లోపల పడ్డ ఎత్తు నేను తలుపు సందులోంచి చెప్తే, మా అటెండరు అక్కడ పావు మార్చి తగిలిస్తాడు. లోపల మిగిలింది పెద్దాఫీసరుగారు, మేనేజరుగారు, ఇద్దరు పోటీదారులు, నేను.

పెద్దాఫీసరుగారికి చదరంగమంటే ప్రాణమని అప్పుడే తెలిసింది. మొదటి ఎత్తుకే కుర్చీ ముందుకి లాక్కున్నారు. కాసేపటికి టై వదులు చేసుకున్నారు. టెలిప్రింటర్ మీద ఎత్తు పడగానే అందరికంటే ముందు తనే చదివి, తన ముందున్న బోర్డు మీద తనే పావు కదుపుతున్నారు. మేనేజరుగారు నాకేసి చూసి కనుబొమ్మలు ఎగరేశారు. నేను కూడా లోలోపల గెంతులేస్తున్నాను. అప్పుడు ఆయన తొడ మీద చరుచుకుని అన్నారు:

"వండర్‌ఫుల్ అండీ! ఇంత మంచి మెషీన్‌ని ఇక్కడ ఎరువుల మధ్య పెట్టి పాడుచేస్తున్నారేంటి? ఇది హెడ్డాఫీసులో, నా గది పక్కన ఉండాలి. సోమవారం లారీ పంపిస్తాను."

మేనేజరుగారి కనుబొమ్మలు దిగిపోయాయి. నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే ఇదే. ఖాళీగా ఉంటోందని పట్టుకుపోదామనుకున్న మనిషికి, మరీ ముచ్చటగా ఉందని పట్టుకుపోవాలనిపించేలా చేసింది నేనే. చెవుల్లో సూపరింటెండెంటుగారి తుమ్ము మోగింది. టేపు మార్చాను.

ఆట ముదిరింది. నల్లపావులు అకౌంట్స్ ఆఫీసర్‌గారివి. ఆయన రాజు తన చోటునే, తన పావుల మధ్యే ఇరుక్కుని ఉన్నాడు. లెక్చరర్‌గారి గుర్రం ఒకవైపు, మంత్రి మరోవైపు దగ్గరికొచ్చేశాయి. కానీ బుద్ధి చెప్పాడు కదా, ఇంతవరకూ ఒక్క చెక్ కూడా పెట్టలేదు. వచ్చే ఎత్తుకి ఆటకట్టు. పెద్దాఫీసరుగారు "అయిపోయింది" అన్నారు.

నేను నల్లపావుల టేపు ఎక్కించాను. రాజుకు ఇంతవరకు చెక్ పడిందా అని అడిగింది. మొదటిసారిగా ఆటలో ఇంత దూరం వచ్చాక సున్నా కొట్టాను. మెషీన్ ఆలోచించింది. టెలిప్రింటర్ టకటకలాడింది. పెద్దాఫీసరుగారు చదివి, బోర్డు మీద రాజుని పట్టుకుని, ఆగిపోయారు. మళ్ళీ చదివారు.

"ఇదేంటి? రాజు రెండు గళ్ళు పక్కకి, ఒక గడి ముందుకా? గుర్రంలాగా?"

నేను తలుపు సందులోంచి అటెండరుకి అదే చెప్పాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాజుని తీసి అక్కడ తగిలించాడు. వరండా అంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు.

"ఎందుకా చప్పట్లు?" అన్నారు పెద్దాఫీసరుగారు.

"క్యాంటీన్‌లో భోజనం రెడీ అయినట్టుందండీ" అన్నాను. అంతకంటే మంచి అబద్ధం తోచలేదు.

పెద్దాఫీసరుగారు లెక్చరర్‌గారి వైపు తిరిగారు. "ఏమండీ, ఈ ఎత్తు తప్పు కదా?"

మన లెక్చరర్‌గారికి అది తప్పేనని తెలుసు. ఎదుటి ప్రోగ్రాం రాసింది తండ్రి వయసున్న పెద్దాయన. ఆయన ముందే ఆయన రాసింది తప్పు అని ఎలా అంటాడు? మా వైపు అలా అనరు. కాసేపు గొంతు సవరించుకుని, ఎవరికీ నొప్పి తగలకుండా మాట వెతుక్కున్నాడు.

"తప్పేనండీ. కానీ సార్ రాసిన ప్రోగ్రాంలో తప్పుండదండీ. మెషీన్‌లోనే ఏదో తేడా వచ్చినట్టుంది."

మెషీన్‌కి చుట్టాలు లేరు, పక్కాలు లేరు. దాన్ని ఎంతమాటైనా అనొచ్చు.

"మెషీన్‌లోనా?" అన్నారు పెద్దాఫీసరుగారు. ఆయన చెయ్యి రాజు మీంచి మెల్లగా వెనక్కి వచ్చింది.

అప్పుడు మా అకౌంట్స్ ఆఫీసర్‌గారు లేచి నిలబడ్డారు. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. సూర్యుడు తూర్పున పొడుస్తాడని చెప్పబోతే ఎవరో కాదన్నట్టు చూస్తున్నారు. "అదేంటండీ, మెషీన్‌కేం కాలేదు. చెక్ పడకముందు రాజు ఒక్కసారి..."

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ టేపు రోజూ అడిగే ప్రశ్న, వరండాలో చప్పట్లు, అటెండరు తడుముకోకుండా రాజుని తగిలించడం, అన్నీ. మా నాన్న మిషన్ స్కూలు మాస్టారు, నాకు చదరంగం అచ్చు పుస్తకం చూపించి నేర్పారు. ఆ పుస్తకంలో లేని రాజు ఒకడు డెల్టా అరుగుల మీద ఎప్పటినుంచో దూకుతున్నాడు. ఈ పెద్దాయన ఇప్పుడు ఆ సంగతి నిరూపించబోతున్నారు. నిరూపిస్తే మెషీన్ మంచిదవుతుంది. మెషీన్ మంచిదైతే సోమవారం లారీ వస్తుంది.

చేతికందిన పాత టేపు ఒకటి తీసి మెషీన్‌కి తగిలించి మీట నొక్కాను. టెలిప్రింటర్ ఒక్క ఊపున మోత అందుకుంది. అకౌంట్స్ ఆఫీసర్‌గారి పెదవులు కదులుతున్నాయి, చెయ్యి తిప్పి గుర్రం నడక చూపిస్తున్నారు, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పెద్దాఫీసరుగారు మాత్రం ఆయన్ని చూడటం లేదు. టెలిప్రింటర్ మీద పడుతున్నది వంగి చదువుతున్నారు. మోత ఆగాక తలెత్తి అన్నారు:

"పామర్రు డిపో. యూరియా నిల్వలు."

కాగితం మా వైపు తిప్పారు.

"చదరంగం మధ్యలో యూరియా ఏమిటండీ?"

"అప్పుడప్పుడు అలా అంటుందండీ," అన్నాను తల వంచుకుని.

ఆయన టై బిగించుకున్నారు. "మేనేజరుగారూ, రాజుని గుర్రంలా దూకించే మెషీన్ రేపు హెడ్డాఫీసు లెక్కల్ని ఎటు దూకిస్తుందో ఎవరికి తెలుసు? దీన్ని ఇక్కడే ఉంచండి. ఒక ఇంజనీరుని పంపిస్తాను. ఏం చెప్తాడో చూద్దాం" అని లేచారు. ఆట అక్కడే ఆగిపోయింది.

ఆయన కారు గేటు దాటగానే మేనేజరుగారు నాకు దండం పెట్టినంత పని చేశారు. నేను నవ్వుతూ వెనక్కి తిరిగితే అకౌంట్స్ ఆఫీసర్‌గారు టేపు చుట్టుకుంటున్నారు. చొక్కా మడత కూడా నలగలేదు, కానీ ముఖం నలిగిపోయింది.

"మా తాత నేర్పిన ఎత్తమ్మా అది. దాన్ని పట్టుకుని మెషీన్ జబ్బు అన్నారు. వాళ్ళకి తెలియదు, పోనీ. నువ్వు నన్ను నోరెత్తనివ్వలేదు" అన్నారు.

"సార్, చెప్పుంటే మెషీన్ పోయేదండీ. నా సీటు పోయేదండీ."

"తెలుసమ్మా" అన్నారు. అంతే అన్నారు. ఆ బుధవారం చేపల పులుసు గిన్నె ఆయన ముందు పెడితే, "ఇవాళ కడుపు బాగోలేదు" అని మూత తియ్యకుండానే నావైపు జరిపారు. తర్వాతి బుధవారం కూడా కడుపు బాగోలేదు. గదిలో ఇద్దరమే ఉండేవాళ్ళం, ఏసీ తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు. సీటు నిలబెట్టుకున్నానన్న సంతోషం నాకు ఒక్క పూట కూడా మిగల్లేదు. ఆయన అరిచి తిట్టినా బాగుండేది.

ఆ పైవారం హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. గడ్డం, చేతిలో పెట్టె, పెట్టెలో స్క్రూడ్రైవర్లు. అతను వచ్చాడని తెలిసి లెక్చరర్‌గారు కూడా పరుగున వచ్చాడు. ఇంజనీరు పొద్దుటి నుంచి మెషీన్ విప్పి, ఊది, తుడిచి, బిగించి, "ఇందులో ఏ తప్పూ లేదే" అన్నాడు. నాకు మళ్ళీ లారీ కళ్ళముందు కనపడింది. "ఆ తప్పేదో ఒకసారి చూపించండి" అన్నాడు.

ఆగిపోయిన చోటు నుంచి పావులు పేర్చి, నల్ల టేపు ఎక్కించాను. సున్నా కొట్టాను. రాజు దూకాడు.

ఇంజనీరు బోర్డుకేసి చూశాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ బోర్డుకేసి చూశాడు.

"తప్పెక్కడుందండీ ఇందులో? రాజుకి చెక్ పడలేదుగా. ఒక్కసారి దూకొచ్చు కదా!"

మూలన కూర్చున్న అకౌంట్స్ ఆఫీసర్‌గారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఏ ఊరు బాబూ మీది?"

"హనుమాన్ జంక్షన్ అవతలండీ. మా నాయనమ్మ నేర్పింది. మీరు పెద్దవారు, మీకు తెలియదా?"

"నాకు తెలియకపోవడమేంటయ్యా!" అని ఆయన ఎంత గట్టిగా అన్నారంటే వరండాలోంచి అటెండరు తొంగిచూశాడు.

లెక్చరర్‌గారు నొచ్చుకున్నాడు. "అలా ఒక పద్ధతుందని నాకు చెప్పలేదేంటి సార్? నేనూ రాసుకునేవాణ్ణి కదా."

"నువ్వడగలేదు కదయ్యా."

నేనిక దాచలేదు. టైపు సెక్షన్, ముక్కుపొడుం, లారీ, యూరియా అన్నీ ఇంజనీరుకి చెప్పేశాను. అతను పడీపడీ నవ్వి, హైదరాబాదుకి ట్రంకాల్ బుక్ చేయమన్నాడు. ఆ రోజుల్లో ట్రంకాల్ కలవాలంటే ఓపిక కావాలి. ఆలోగా ఆట పూర్తి చేద్దామన్నారు అకౌంట్స్ ఆఫీసర్‌గారే. టేపులు మార్చి మార్చి ఆడించాను. అంత దూకి కూడా చివరికి ఆయన రాజే పట్టుబడ్డాడు. ఆయన పట్టించుకుంటేనా? "ఆట పోతే పోయింది, ఎత్తు చెల్లింది" అని లెక్చరర్‌గారి భుజం తట్టారు. మరుసటి ఏడు పోటీకి మేం కూర్చుని రాసుకున్న రూల్సులో మొట్టమొదటిది రాజు నడకే.

ఫోన్ మోగింది. అవతల పెద్దాఫీసరుగారు. ఇంజనీరు గొంతు సర్దుకుని, అబద్ధం ఆడకుండా చెప్పాడు.

"చూశానండీ... అవునండీ, నా కళ్ళముందే దూకింది... ఆటకి ఒక్కసారే జరుగుతుందండీ, మళ్ళీ జరగదు... లేదండీ, రిపేరు చేసేది కాదు... కదిలించకపోవడమే మంచిదండీ... అవునండీ, ఒక్కసారే."

పక్కనే నిలబడి వింటున్న అకౌంట్స్ ఆఫీసర్‌గారికి అదంతా బాగానే ఉంది కానీ, రూలు సగమే చెప్పడం భరించలేకపోయారు. నేను చూసేలోపే ఫోన్ మీదికి వంగి కేకేశారు.

"చెక్ పడకముందే! అది కూడా చెప్పు బాబూ! చెక్ పడ్డాక దూకకూడదు!"

ఈసారి టెలిప్రింటర్ మీట నాకు చాలా దూరంలో ఉంది. అవతలి నుంచి, "ఎవరది? ఎవరు దూకకూడదు?" అన్న గొంతు నాక్కూడా వినపడింది.

"క్రాస్ టాక్ అండీ. లైన్లో ఇంకెవరో కలిశారు" అని ఇంజనీరు ఫోన్ పెట్టేశాడు.

 అందరం ఒకేసారి నవ్వాం. అకౌంట్స్ ఆఫీసర్‌గారు కళ్ళు తుడుచుకుని, కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కున్నారు.

"ఏమ్మా, ఇవాళ బుధవారం కదా. పులుసుందా, అయిపోయిందా?"

ఆయన గిన్నె ఆయనకి ఎప్పటిలాగే విడిగా తెచ్చాను. మూత తీసి ముందు పెట్టాను.